తక్కువ ధర ఎక్కడ పుడుతుంది?

పండగకో, స్టాకు వదిలించుకోవడానికో తక్కువ ధరకు అమ్మే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఏడాది పొడవునా తక్కువకు అమ్ముతూ, ఏటా లాభం కూడా చూపించే సంస్థలు చాలా అరుదు. మన దేశంలో ఆ కోవలో మొదట చెప్పాల్సిన పేరు డీమార్ట్. దాన్ని నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ 2002లో ముంబయిలోని పొవాయిలో తొలి దుకాణం తెరిచింది. 2025 మార్చి నాటికి దుకాణాల సంఖ్య 415కు చేరింది. 2024-25లో రూ.57,790 కోట్ల ఆదాయం మీద రూ.2,927 కోట్ల నికర లాభం వచ్చింది. మహారాష్ట్ర, గుజరాత్‌ల తర్వాత ఆ సంస్థకు గట్టి పట్టున్న ప్రాంతాల్లో తెలుగు రాష్ట్రాలు ముందుంటాయి. హైదరాబాద్‌లో మొదలై వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ దాకా పచ్చరంగు బోర్డులు వచ్చేశాయి. ఇలాంటి గొలుసు దుకాణాలు వికారాబాద్, తాండూరు వంటి పట్టణాల సంసారాలను, వ్యాపారాలను ఎటు తిప్పుతాయో అంచనా వేయాలంటే, ఆ తక్కువ ధర ఎక్కడ పుడుతుందో ముందుగా చూడాలి.

సంస్థ వ్యవస్థాపకుడు రాధాకిషన్ దమానీ స్టాక్ మార్కెట్‌లో పేరున్న మదుపరి. సొంత దుకాణం పెట్టడానికి ముందు, 1999లో నవీ ముంబయిలోని నెరూల్‌లో ‘అప్నా బజార్’ అనే సహకార దుకాణాల సంస్థకు చెందిన ఒక ఫ్రాంచైజీని నడిపి చూశారు. మధ్యతరగతి గృహిణి నెల సరుకుల చీటీ పట్టుకుని ఎక్కడికి వెళ్తుంది, ఏ వస్తువు దగ్గర ధర చూసి ఆగిపోతుంది అన్న పరిశీలన అక్కడే జరిగింది. తర్వాతి నడక చాలా నిదానం. మొదటి ఎనిమిదేళ్లలో తెరిచినవి పాతిక దుకాణాలే. అదే కాలంలో దేశంలోని పెద్ద పెద్ద గ్రూపులు నెలకు పదుల సంఖ్యలో దుకాణాలు తెరుస్తూ పత్రికల పతాక శీర్షికలకెక్కాయి. డీమార్ట్ మాత్రం ఒక దుకాణం లాభాల్లో నిలదొక్కుకున్నాకే రెండోదాని గురించి ఆలోచించింది. 2004లో హిందుస్థాన్ లీవర్ నుంచి వచ్చి చేరిన నెవిల్ నొరోనా ఆ తర్వాత సీఈఓ అయ్యి, ఈ నిదానాన్నే పద్ధతిగా మార్చారు.

ఆ పద్ధతిలో మొదటి అంశం స్థలం. డీమార్ట్ దుకాణాల్లో అత్యధికం సొంత భవనాల్లోనే నడుస్తాయి. కొన్నిటిని దీర్ఘకాలపు లీజుకు తీసుకున్నారు. అద్దె భవనంలో నడిచే పెద్ద దుకాణానికి అమ్మకాల్లో నాలుగైదు శాతం అద్దెకే పోవడం మామూలు. మూడేళ్లకో, అయిదేళ్లకో ఒప్పందం తిరగరాసే ప్రతిసారీ యజమాని అద్దె పెంచుతాడు. వ్యాపారం బాగా సాగుతోందని తెలిస్తే మరీ పెంచుతాడు. సొంత స్థలంలో ఆ బెడద లేదు. అందుకే డీమార్ట్ ఊరి నడిబొడ్డున ఖరీదైన జాగా కోసం పాకులాడదు. కాలనీలు విస్తరిస్తున్న వైపు, బండ్లు నిలుపుకోవడానికి చోటున్న రోడ్డు పక్కన, ఇంకా ధర పెరగని భూమిని కొంటుంది. ఇందుకు పెట్టుబడి చాలా కావాలి. ఏడాదికి తెరిచే దుకాణాల సంఖ్య చాన్నాళ్లు ఇరవై ముప్పైకి మించకపోవడానికి అసలు కారణం ఇదే. 2017 మార్చిలో షేరు రూ.299 చొప్పున పబ్లిక్ ఇష్యూకు వచ్చి రూ.1,870 కోట్లు సేకరించినప్పుడు, అందులో పెద్ద భాగాన్ని అప్పులు తీర్చడానికే కేటాయించారు. అదే నెల 21న షేరు మార్కెట్లో రూ.604 దగ్గర నమోదైంది. అద్దె, వడ్డీ అనే రెండు భారాలూ నెత్తిన లేని వర్తకాన్ని మదుపరులు ఎంత విలువైనదిగా చూశారో ఆ అంకె చెప్పింది.

రెండో అంశం సరఫరాదారులకు డబ్బు చెల్లించే తీరు. బయటివారికి పెద్దగా కనిపించకపోయినా, ఈ వ్యాపారానికి ప్రాణం ఇక్కడే ఉంది. చిల్లర రంగంలో సరుకు తీసుకున్న నెలకో, రెండు నెలలకో బిల్లు కట్టడం ఆనవాయితీ. కొన్ని గొలుసు దుకాణాలు సరఫరాదారుల బాకీనే పెట్టుబడిగా వాడుకుని విస్తరించాయి. డీమార్ట్ వారం పది రోజుల్లోనే చెల్లిస్తుంది. సబ్బుల కంపెనీకైనా, చిన్న ప్లాస్టిక్ డబ్బాల తయారీదారుకైనా చేతిలో డబ్బు త్వరగా పడటం ఎంతో మేలు. ఆ మేలుకు ప్రతిఫలంగా వాళ్లు ధరలో తగ్గింపు ఇస్తారు, సరుకు కొరతగా ఉన్న రోజుల్లో ముందు ఇక్కడికే పంపుతారు. తీసుకున్న సరుకు గోదాములో మగ్గకుండా సుమారు నెల రోజుల్లో అమ్ముడైపోతుంది. అమ్మిన డబ్బుతో మళ్లీ వెంటనే సరుకు. ఏడాదికి పన్నెండు సార్లు తిరిగే రూపాయి మీద తక్కువ లాభం వేసుకున్నా, ఏడాది చివర లెక్క చూస్తే నిండుగానే ఉంటుంది.

వంద రూపాయల అమ్మకాన్ని విడదీసి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అందులో సుమారు 85 రూపాయలు సరుకు కొన్న ఖర్చు. జీతాలు, కరెంటు, రవాణా, నిర్వహణ అన్నీ కలిపి ఏడెనిమిది రూపాయలు. తరుగుదల, పన్నులు పోగా చివరికి మిగిలేది అయిదు రూపాయలు. ఈ లెక్కలో అద్దె కింద మరో అయిదు రూపాయలు పోతే లాభం దాదాపుగా తుడిచిపెట్టుకుపోతుంది. ధర పెంచి దాన్ని పూడ్చుకుందామంటే కొనేవాళ్లు తగ్గుతారు, కొనేవాళ్లు తగ్గితే సరుకు తిరిగే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే సరఫరాదారు ఇచ్చే తగ్గింపూ తగ్గుతుంది. ఒక మేకు వదులైతే మిగతావన్నీ వదులవుతాయి. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ ధర పక్కనే అరల మీద కనిపించే డీమార్ట్ ధర ఈ మొత్తం అమరికకు ఫలితం. ఒక్క పండగ ఆఫర్‌తో అలాంటి ధర రాదు.

ఖర్చు తగ్గించే తీరులో మెచ్చుకోదగినవీ ఉన్నాయి, ప్రశ్నించాల్సినవీ ఉన్నాయి. దుకాణంలో అలంకారం తక్కువ. ప్రతి వస్తువులోనూ పది రకాలు దొరకవు. బాగా అమ్ముడయ్యే రెండు మూడు రకాలే ఉంటాయి. ప్రకటనల ఖర్చు అతి స్వల్పం. ఇవన్నీ కొనుగోలుదారుకు మేలు చేసే పొదుపులే. అయితే సిబ్బందిలో శాశ్వత ఉద్యోగుల కన్నా కాంట్రాక్టు పనివాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. బిల్లింగ్ కౌంటర్ దగ్గర గంటల తరబడి నిలబడే అమ్మాయికి, అరలు సర్దే కుర్రాడికి ఉద్యోగ భద్రత లేకపోవడం కూడా ఆ ఏడెనిమిది రూపాయల్లో భాగమే. తక్కువ ధరను మెచ్చుకునేవారు ఈ లెక్కను దాటవేయకూడదు.

అమ్మకాల్లో ఆహార పదార్థాల వాటా 57 శాతం దాకా ఉంటుంది. బియ్యం, పప్పు, నూనె, పంచదార మీద మిగిలేది చాలా తక్కువ. జనాన్ని నెలనెలా రప్పించేవి మాత్రం అవే. వచ్చినవారు దుప్పటో, స్టీలు గిన్నెలో, పిల్లల బట్టలో, ప్లాస్టిక్ బకెట్టో కూడా తీసుకుంటే అసలు లాభం అక్కడ వస్తుంది. ఈ సాధారణ వస్తువులు, దుస్తుల వాటా 2019-20లో 27 శాతం ఉండేది. కరోనా తర్వాత 22-23 శాతానికి పడిపోయి, మళ్లీ పాత స్థాయికి చేరలేదు. సంస్థ లాభాల శాతం ఆ తర్వాత పెద్దగా పెరగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

విస్తరణలోనూ ఒక క్రమం ఉంది. దేశమంతటా అక్కడొకటి ఇక్కడొకటి తెరవకుండా, ఒక పంపిణీ కేంద్రం చుట్టూ దుకాణాలను గుంపుగా పెంచుతూ పోవడం డీమార్ట్ పద్ధతి. ఒకే లారీ ఒక దారిలో మూడు నాలుగు దుకాణాలకు సరుకు దించగలగాలి. ఆ ప్రాంతపు వంట, పండగలు, అభిరుచులు కొనుగోలు సిబ్బందికి తెలిసి ఉండాలి. అమెరికాలో శామ్ వాల్టన్ 1962లో ఆర్కన్సా రాష్ట్రంలోని రోజర్స్ అనే చిన్న పట్టణంలో తొలి వాల్‌మార్ట్ తెరిచినప్పుడు పాటించిందీ ఇంచుమించు ఇదే. పెద్ద దుకాణాలు పట్టించుకోని చిన్న ఊళ్లను ఎంచుకుని, గోదాము నుంచి లారీ ఒక రోజులో వెళ్లి రాగల దూరంలోనే ఆయన విస్తరించారు. తేడా ఏమిటంటే వాల్టన్ చిన్న ఊళ్లతో మొదలై నగరాలకు వెళ్లారు, దమానీ మహానగరంతో మొదలై జిల్లా పట్టణాల వైపు వస్తున్నారు.

ఈ క్రమాన్ని పాటించనివారికి ఏమైందో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష కూడా తక్కువ ధరల దుకాణమే. కొన్నేళ్లలో దేశవ్యాప్తంగా 1,600 చిన్న దుకాణాలు తెరిచింది. అన్నీ అద్దెవే, విస్తరణ చాలావరకు అప్పుతోనే. 2008లో అప్పు పుట్టడం కష్టం కాగానే సరఫరాదారులకు బాకీలు ఆగాయి, అరలు ఖాళీ అయ్యాయి. 2009కల్లా అన్నీ మూతపడ్డాయి. హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లి ‘మోర్’గా మారింది. 2006లో రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు తెరిచింది హైదరాబాద్‌లోనే. హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలను తీసుకున్న ఫ్యూచర్ రిటైల్ 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇరవై ఏళ్లలో ఇన్ని మార్పులు చూసిన మార్కెట్ ఇది. నిలబడినవాళ్లకూ పడిపోయినవాళ్లకూ మధ్య కనిపించే తేడా ధరలో లేదు. అందరూ చౌకగానే అమ్మారు. ఆ ధరను ఎవరి డబ్బుతో తగ్గించారన్నదే తేడా.

ఇప్పుడు వికారాబాద్ జిల్లా వైపు చూద్దాం. 2016 అక్టోబరులో ఏర్పడిన ఈ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 9.27 లక్షలు. పట్టణవాసులు ఏడింట ఒక వంతు కూడా లేరు. తాండూరు జనాభా అప్పట్లో 65 వేలు, జిల్లా కేంద్రమైన వికారాబాద్‌ది 53 వేలు. సికింద్రాబాద్-వాడి రైలు మార్గం మీదున్న ఈ రెండు పట్టణాల స్వభావాలు వేరు. వికారాబాద్ జంక్షన్. అనంతగిరి గుట్టలకు వచ్చే పర్యాటకులు, కలెక్టరేట్ ఉద్యోగులు, రోజూ హైదరాబాద్ వైపు వెళ్లి వచ్చేవారు అక్కడి కొనుగోలుదారులు. రైలెక్కితే శంకర్‌పల్లి, లింగంపల్లి అందుబాటులోనే ఉన్నందున నెల సరుకులు నగరం నుంచే తెచ్చుకునే కుటుంబాలకు కొదవ లేదు. తాండూరు కర్ణాటక సరిహద్దులోని వ్యాపార కేంద్రం. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, కంది మార్కెట్, పప్పు మిల్లులు దాని బతుకుదెరువు. యాలాల, పెద్దేముల్, బషీరాబాద్ మండలాలతో పాటు సరిహద్దు అవతలి పల్లెల నుంచీ జనం సరుకులకు వస్తారు.

డీమార్ట్ స్థాయి దుకాణం ఇక్కడ నిలబడగలదా అన్నదానికి ఒక చిన్న లెక్క వేయవచ్చు. 2024-25 ఆదాయాన్ని ఆ ఏడాది నడిచిన దుకాణాల సగటు సంఖ్యతో భాగిస్తే ఒక్కోదాని అమ్మకం సుమారు రూ.148 కోట్లు, అంటే రోజుకు రూ.40 లక్షలు. ఒక కుటుంబం నెలకు రూ.6 వేల సరుకు అక్కడే కొంటుందనుకుంటే అలాంటి కుటుంబాలు 20 వేలు కావాలి. 2011 జనాభాను బట్టి తాండూరులో మొత్తం కుటుంబాలు 15 వేల లోపే. మహానగరాల భారీ అమ్మకాలు కలిసిన సగటు ఇది కాబట్టి, చిన్న పట్టణంలో మూడో వంతు అమ్మినా చాలనుకుందాం. అప్పటికీ దాదాపు ఏడు వేల కుటుంబాలు, అంటే ఊళ్లో సగం ఇళ్లు, నెలనెలా అదే గుమ్మం తొక్కాలి. చుట్టుపక్కల మండలాల జనాన్ని కలుపుకుంటే తప్ప సొంత స్థలం, సొంత భవనం మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. అందుకే ఇలాంటి పట్టణాల్లో పెద్ద దుకాణం వస్తే ఊరి వ్యాపారంతోనే ఆగదు. మండల కేంద్రాల కిరాణాల నుంచి కూడా నెల సరుకుల గిరాకీని లాక్కుంటుంది.

చిన్న పట్టణాలకు మరింత తేలిగ్గా అమరే నమూనా ఇంకొకటి ఉంది. విశాల్ మెగామార్ట్ అద్దె భవనాల్లో, డీమార్ట్‌లో సగం కూడా లేని విస్తీర్ణంలో నడుస్తుంది. అమ్మకాల్లో 40 శాతానికి పైగా దుస్తులే. సరుకులో అధిక భాగం సొంత బ్రాండ్లు. లాభం శాతం ఎక్కువుండే బట్టల మీద ఆధారపడటం వల్ల అద్దె భారం మోయగలుగుతోంది. 2024 డిసెంబరులో పబ్లిక్ ఇష్యూకు వచ్చిన ఈ సంస్థ దుకాణాల్లో ఎక్కువ శాతం ద్వితీయ శ్రేణి, అంతకన్నా చిన్న పట్టణాల్లోనే ఉన్నాయి. కిరాణా వ్యాపారి కన్నా ముందు రెడీమేడ్ బట్టల వ్యాపారి మేల్కొనాల్సిన పరిస్థితి ఇక్కడ కనిపిస్తోంది.

కిరాణా దుకాణానికి ఉన్న బలం, బలహీనత రెండూ స్పష్టమైనవే. బ్రాండెడ్ సరుకు మీద కిరాణా వ్యాపారికి దక్కే మార్జిన్ సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు శాతం. స్టాకిస్టు మార్జిన్ వేరుగా ఉంటుంది. గొలుసు దుకాణం కంపెనీ నుంచి నేరుగా కొని, ఈ రెండు మార్జిన్లనూ తన దగ్గరే ఉంచుకుని, అందులో కొంత కొనుగోలుదారుకు వదులుతుంది. కొన్ని వస్తువులు పెద్ద దుకాణంలో అమ్మే ధర, కిరాణా వ్యాపారికి స్టాకిస్టు వేసే ధర కన్నా తక్కువగా ఉంటుంది. 2021 చివర్లో దేశవ్యాప్త పంపిణీదారుల సమాఖ్య ఈ వివక్షనే ఎత్తి చూపింది. పెద్ద సంస్థలకు, ఆన్‌లైన్ టోకు వేదికలకు ఇచ్చే ధరే తమకూ ఇవ్వకపోతే 2022 జనవరి నుంచి సహాయ నిరాకరణ చేస్తామని కంపెనీలను హెచ్చరించింది. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. ఒకే సబ్బుకు ఒకే ఊళ్లో రెండు కొనుగోలు ధరలుంటే చిన్న వ్యాపారి తెలివితేటలు ఎంతున్నా గట్టెక్కలేడు.

బలం ఉద్దెరలో ఉంది. నాపరాయి గనిలో పనిచేసే కూలీకి డబ్బు వారానికొకసారి చేతికొస్తుంది. కంది రైతుకు జనవరి, ఫిబ్రవరిలో మార్కెట్‌కు పంట తెస్తేనే డబ్బు. మధ్యలో ఇంట్లో పొయ్యి వెలిగేది దుకాణదారు ఖాతా పుస్తకం మీదే. పావుకిలో నూనె, పది రూపాయల చాయ్‌పత్తా, అయిదు రూపాయల షాంపూ కొనేవారికి ఊరి చివరి పెద్ద దుకాణం పనికిరాదు. అక్కడ అంతా రొక్కం, అంతా నెలకు సరిపడా. డిస్కౌంట్ దుకాణం మొదట తీసుకెళ్లేది నెల జీతం వచ్చే కుటుంబాలను. వాళ్లు ఠంచనుగా డబ్బు కట్టే ఖాతాదారులు. వాళ్లు వెళ్లిపోతే కిరాణా వ్యాపారికి మిగిలేది ఉద్దెర గిరాకీ మాత్రమే. అప్పుడు ఉద్దెర ఇవ్వడానికి కావాల్సిన పెట్టుబడి తిరగడమూ కష్టమవుతుంది. జీతగాళ్లు పెద్ద దుకాణానికి మళ్లిన ఊళ్లో ఆ భారం చివరికి కూలీ ఇంటి మీద పడుతుంది. చిల్లర వర్తకం మీద జరిగే చర్చల్లో ఈ కోణం దాదాపుగా వినిపించదు.

తాండూరుకు మరో బలం ఉంది, అది పప్పు. ఇక్కడి నల్లరేగడి నేలల్లో పండే కందికి రుచిలో, త్వరగా ఉడకడంలో, నిల్వ ఉండటంలో పెట్టింది పేరు. యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ దరఖాస్తు మీద తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. కందులకు కేంద్రం 2025-26కి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.8,000. రైతు అమ్మిన గింజ మార్కెట్ యార్డు, కమీషన్ ఏజెంటు, మిల్లు, టోకు వ్యాపారి, ప్యాకింగ్ దాటి నగరంలోని అరల మీదికి చేరేసరికి ఊరి పేరు ఊడిపోయి మామూలు కందిపప్పుగా మిగులుతుంది. డీమార్ట్ తన పప్పులు, మసాలాలను అలైన్ రిటైల్ ట్రేడ్స్ అనే అనుబంధ సంస్థ ద్వారా కొని, శుభ్రం చేసి, ప్యాక్ చేయించుకుంటుంది. అంటే ఈ గొలుసు దుకాణాలు తాండూరుకు పోటీదారులే కాదు, కొనుగోలుదారులు కూడా కాగలవు. అయితే వాళ్లకు కావాల్సింది ఏడాదంతా ఆగకుండా, ఒకే సైజు గింజతో, ఒకే తేమ శాతంతో టన్నుల లెక్కన సరుకు. గ్రేడింగ్ యంత్రాలు, గోదాము, మిల్లు సొంతంగా ఉంటే తప్ప రైతు సంస్థ ఆ షరతులను అందుకోలేదు. అందుకోగలిగితే మాత్రం వారం పది రోజుల్లో డబ్బు చేతికొచ్చే కొనుగోలుదారు రైతుకు దొరికినట్టే.

డీమార్ట్ ముందూ సవాళ్లు లేకపోలేదు. పది ఇరవై నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే యాప్‌ల వల్ల మహానగరాల్లోని తమ దుకాణాలపై ప్రభావం పడుతోందని 2024 అక్టోబరులో సంస్థే ఒప్పుకుంది. 2025 జనవరిలో నొరోనా వారసుడిగా యూనిలీవర్ నుంచి అన్షుల్ అసావా పేరును ప్రకటించింది. ఇంటికి సరుకు చేరవేసే సంస్థ సొంత విభాగం ‘డీమార్ట్ రెడీ’ ఇంకా లాభాల బాట పట్టలేదు. నగరాల్లో పోటీ ముదిరేకొద్దీ యాప్‌లు ఇంకా బలపడని పట్టణాలే ఇలాంటి సంస్థలకు ఆకర్షణీయంగా కనిపిస్తాయి. ఆ చూపు వికారాబాద్, తాండూరు రైలు మార్గం మీద పడటానికి చాలా ఏళ్లు పట్టకపోవచ్చు.

ఆలోగా చేయాల్సిన పనులు ఇక్కడివారి చేతుల్లోనే ఉన్నాయి. రెండు పట్టణాల కిరాణా వ్యాపారులు విడివిడిగా స్టాకిస్టు ముందు నిలబడే బదులు, సంఘంగా కలిసి బియ్యం, నూనె, పంచదార, సబ్బులు లారీల లెక్కన కొని, బిల్లు వారంలోనే కట్టడం మొదలుపెట్టాలి. డీమార్ట్ కొనుగోలు బలం కూడా ఈ రెండు అలవాట్ల మీదే నిలబడింది. రైతు సంస్థకు గ్రేడింగ్, మిల్లు సదుపాయం కోసం మార్కెటింగ్ శాఖ నిధులివ్వాలి. పెద్ద దుకాణాలకు అనుమతులిచ్చేటప్పుడు కాంట్రాక్టు సిబ్బంది వేతనాలు, పని గంటల అమలుపై కార్మిక శాఖ తనిఖీ తప్పనిసరి కావాలి. ఇందులో ఏదీ పెద్ద దుకాణం గేటు తెరుచుకున్నాక మొదలుపెట్టే పని కాదు. వ్యాపార సంఘాలు, మార్కెట్ కమిటీలు ఈ కంది సీజన్‌లోనే ఒకచోట కూర్చోవాలి.